తిరుమల కొండల్లో ట్రైలోబైట్ కోసం వెతికేవాళ్లకు

శేషాచలం కొండల్లో ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిన, గట్టి పెంకున్న పురుగులాంటి సముద్ర జీవి) శిలాజం దొరకదు. రెడ్లిచియా లాంటి తొలితరం ట్రైలోబైట్లు సముద్రాల్లో తిరిగింది సుమారు 51 కోట్ల ఏళ్ల కిందట. ఇక్కడి నగరి క్వార్ట్జైట్ (ఒకప్పటి ఇసుక గట్టిపడి మారిన రాయి) వయసేమో దాదాపు 160 కోట్ల ఏళ్లు. అప్పటికి కాళ్లూ కళ్లూ ఉన్న జీవి పుట్టనే లేదు. రెడ్లిచియా కావాలంటే పాకిస్తాన్‌లోని ఉప్పు కొండలకో, హిమాలయాలకో పోవాల్సిందే.

అయినా శిలాజాల మీద మనసున్నవాళ్లు ఘాట్ రోడ్డు పక్కన కొండను కోసిన చోట్లు చూసి తీరాలి. కింద పొరల్లేని గ్రానైట్, వయసు 210 కోట్ల ఏళ్లకు పైనే. దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్జైట్. రెండూ కలిసే ఆ ఒక్క గీత దగ్గర కనీసం 50 కోట్ల ఏళ్ల చరిత్ర రాతిలో లేకుండా పోయింది. ట్రైలోబైట్లు భూమ్మీద బతికిన కాలమంతా కలిపినా 27 కోట్ల ఏళ్లే!

బస్సులో పోతే ఇదంతా కళ్ల ముందే జారిపోతుంది, కారైనా ఘాట్ మధ్యలో ఆపనివ్వరు. అలిపిరి మెట్ల దారే మేలు. మెట్లు 3,550. సామాను కింద ఉచిత కౌంటర్‌లో ఇచ్చేస్తే పైకి చేరుస్తారు. మోకాళ్ల మెట్టు దాపుల్లో నడకదారి రోడ్డు పక్కకే వస్తుంది, అక్కడ నిదానించండి. చిరుతల వల్ల నడక వేళలు మారుతుంటాయి, బయల్దేరేముందు కనుక్కోండి. తెల్లవారుజామున ఎక్కాలంటే కొండమీద గది కోసం తంటాలు పడేకన్నా కింద విష్ణు నివాసంలోనో శ్రీనివాసంలోనో దిగడం నయం.

పైన శిలాతోరణం వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. కంచె అవతలి నుంచే చూడాలి. ఏటవాలు ఎండలో, అంటే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్తే రాతి మీద అలల గుర్తులు తేలతాయి. మిట్టమధ్యాహ్నం ఏమీ కనబడదు. ఆ వరసల్ని చూసి పురుగు శిలాజమని పొరబడేవాళ్లు ఉంటారు. అలల గుర్తులు పలక అంచుదాకా ఒకే తీరుగా సాగుతాయి. ట్రైలోబైట్‌కు నిలువునా మూడు భాగాలుంటాయి, తలా తోకా వేరుగా తెలుస్తాయి. రెడ్లిచియాకైతే నెలవంక లాంటి పెద్ద కళ్లు, బుగ్గల నుంచి వెనక్కి సాగిన ముళ్లు, చిన్న తోక. ఫెర్న్ ఆకుల్లా కనిపించే నల్లటి అచ్చులు మాంగనీస్ మరకలు, మొక్కలు కావు.

సుత్తి తీసుకెళ్లొద్దు. ఇది రక్షిత అడవి, రాయి తీయడం నేరం. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం జేబులో ఉంటే చాలు.