చీమలా, పండు ఈగలా, ముక్కుపురుగులా? తరగతి ప్రయోగానికి ఏది మేలు

బెల్లం ఉన్న చోటికి చీమలు వస్తాయని ఒకటో తరగతి పిల్లలకూ తెలుసు. దాన్నే ప్రయోగంగా చేయబోతే తిప్పలు మొదలవుతాయి. ఒక కాగితం మీద బెల్లం ముక్క, మరో కాగితం మీద చక్కెర పలుకులు పెడతారు. చీమలన్నీ బెల్లం మీద మూగుతాయి. 'చీమలకు చక్కెర కంటే బెల్లం ఇష్టం' అని రికార్డులో రాసేస్తారు. నిజానికి అక్కడ పోటీ బెల్లానికీ చక్కెరకీ కాదు, తడికీ పొడికీ. బెల్లం గాలిలోని తేమ పీల్చి చెమ్మగిల్లుతుంది. ఎదిగిన చీమ గట్టి ముక్కను మింగలేదు, ద్రవాన్నే లోపలికి తీసుకుంటుంది. చక్కెర పలుకును నాకి కరిగించుకోవాలి. పక్కనే చెమ్మబెల్లం ఉంటే ఆ శ్రమ దేనికి?

ఏ పురుగును ఏది ఆకర్షిస్తుందో తేల్చే ప్రయోగాలన్నిటిలోనూ ఇలాంటి మెలికలుంటాయి. బడిలో చేయదగ్గవి నాలుగు రకాలు: ఆవరణలో చీమలకు ఎర పెట్టడం, అరటిపండ్ల చుట్టూ ముసిరే ఎర్రకళ్ల చిన్న ఈగలను (పాఠ్యపుస్తకాల్లోని డ్రోసోఫిలా ఇవే) సీసాల్లోకి రప్పించడం, బియ్యంలోని ముక్కుపురుగులను పళ్లెంలో వదిలి ఎటు పోతాయో చూడడం, తోటలో రంగుల జిగురు అట్టలు కట్టడం. చేతిలో ఒక్క పీరియడే ఉంటే చీమలు. రెండు వారాల ప్రాజెక్టుకు ఈగలు. వాన పడుతూ బయటకు వెళ్లే వీలు లేకపోతే ముక్కుపురుగులు. జిగురు అట్టల సంగతి తర్వాత.

చీమలు

ఖర్చు దాదాపు లేదు, నలభై అయిదు నిమిషాల్లో ఫలితం కళ్లెదుట ఉంటుంది. పద్ధతి తప్పితే మాత్రం అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది కూడా ఈ ప్రయోగమే.

మొదట ఎరలన్నీ ఒకే రూపంలో ఉండాలి. కొలపాత్రలో 20 గ్రాముల చక్కెర వేసి, నీళ్లు పోసి కలుపుతూ 100 మిల్లీలీటర్ల గీత దాకా తేవాలి. బెల్లం నీళ్లూ అలాగే చేసి వడగట్టాలి. సమానంగా చుట్టిన దూది ఉండల మీద ఒక్కొక్క మిల్లీలీటరు సిరంజితో (సూది తీసేసి) పోయాలి. మూడో ఉండ మీద ఉత్త నీళ్లు, పోలిక కోసం. ఇది మానేస్తే ఎండాకాలంలో చీమలు తీపి కోసం వచ్చాయా, దాహానికి వచ్చాయా తెలియదు. ద్రవాన్ని మూతల్లో పోసి పెట్టకూడదు, చీమలు పడి మునుగుతాయి.

ఉండలను 5 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ ముక్కల మీద పెట్టి, పుట్ట ద్వారం నుంచి సరిగ్గా మీటరు దూరంలో, ఒకదానికొకటి 20 సెంటీమీటర్ల ఎడంగా, వంపు గీతలో అమర్చాలి. అయిదు నిమిషాలకోసారి ఫోనుతో పైనుంచి ఫొటో తీసి, తరగతిలో కూర్చుని లెక్కపెట్టుకోవాలి. కదిలే చీమలను కళ్లతో లెక్కిస్తే ఇద్దరు పిల్లలు రెండు అంకెలు చెబుతారు.

ఇక అసలు చిక్కు. ముప్పై నిమిషాలకు బెల్లం దగ్గర 84, చక్కెర దగ్గర 11 చీమలు ఉన్నాయనుకుందాం. 84 చీమలు బెల్లానికి ఓటు వేశాయా? లేదు. మొదట ఒకటి రెండు చీమలు దాన్ని కనిపెట్టి, తిరిగి పోతూ నేల మీద వాసన గీత వేశాయి. మిగతావి ఆ గీత పట్టుకుని వచ్చాయి. చీమల బారు అంటే ఇదే. మొదటి చీమ పొరపాటున చక్కెర వైపు నడిచి ఉంటే లెక్క తారుమారయ్యేది. కాబట్టి చీమలను కాదు, పుట్టలను లెక్కించాలి. ఒక్కో పుట్ట దగ్గర ఏ ఎర గెలిచిందన్నదే ఒక ఫలితం. రెండు ఎరలే పోటీలో ఉన్నప్పుడు, ముందే అనుకున్న ఎర ఆరు పుట్టల దగ్గరా గెలవడం కేవలం అదృష్టం వల్ల జరిగే అవకాశం 64లో ఒక్కటి. ఆరింటిలో నాలుగు గెలిస్తే ఏమీ తేలనట్టే. అందుకే ఆరు జట్లు, ఆరు పుట్టలు, ప్రతి జట్టూ ఎరల వరస మార్చి పెట్టాలి.

చెడగొట్టేవి ఇంకా ఉన్నాయి. నేల కాలే వేళ చీమలు బయటకు రావు. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య మేలు. మధ్యాహ్న భోజనం తినే చోటు పనికిరాదు, అక్కడి పుట్టలు అప్పటికే కడుపు నిండినవి. ఈమధ్య చీమల మందు చల్లిన చోటూ అంతే. మాంసకృత్తుల కోసం ఉడికించిన గుడ్డు సొనో ఎండుచేప పొడో పెడితే చీమల కంటే ముందు కాకి, ఉడుత, కుక్క వస్తాయి. కన్నాల ప్లాస్టిక్ బుట్ట బోర్లించి మీద ఇటుక పెట్టండి. కుట్టే ఎర్రచీమల పుట్ట జోలికి పోవద్దు. నల్లచీమలూ గండుచీమలూ చాలు. పిల్లలకు బూట్లు ఉండాలి.

తీపి గెలిచిందని మురిసిపోయి ఆపేయకుండా వారం తర్వాత అదే పుట్ట దగ్గర గుడ్డు సొన, చక్కెర నీళ్లు పెట్టి చూడండి. ఫలితం మారవచ్చు. పనిచేసే చీమల శక్తికి చక్కెర కావాలి, పుట్టలోని పిల్లపురుగుల ఎదుగుదలకు మాంసకృత్తులు కావాలి. ఏది కొరతగా ఉంటే దాని కోసం వెతుకుతాయి.

ఉప్పు నీళ్లు (100 మిల్లీలీటర్లకు ఒక గ్రాము) కూడా పెట్టి చూడదగ్గవే. అమెరికా ఖండాల్లోని చీమలపై 2008లో వెలువడిన పరిశోధనలో, సముద్రానికి దూరం పెరిగేకొద్దీ చీమలు ఉప్పు ఎరకు ఎక్కువగా వచ్చినట్టు తేలింది. బందరులో ఒక బడి, ఆదిలాబాదులో ఒక బడి ఒకే వారం, ఒకే కొలతలతో దీన్ని చేసి లెక్కలు మార్చుకుంటే సైన్స్ ఫెయిర్‌కు అంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు.

పండు మీది చిన్న ఈగలు

వీటికి చీమల్లాగా దారి గీత లేదు. గాలిలో వచ్చే వాసన పట్టుకుని ఒక్కొక్కటీ విడిగా వస్తుంది. గుంపు ప్రభావం బొత్తిగా లేదని కాదు గానీ, లెక్క చీమల కంటే నమ్మదగ్గది. వాసన మీద ప్రశ్న అడగాలంటే వీటిని మించినవి లేవు.

గాజు గ్లాసులో 50 మిల్లీలీటర్ల ద్రవం, అందులో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. గ్లాసు మీద కాగితపు గరాటు, అడుగున 5 మిల్లీమీటర్ల రంధ్రం, అంచు చుట్టూ టేపు. రంధ్రం పెద్దదైతే వచ్చినవి వచ్చినట్టే పోతాయి. సబ్బు చుక్క ఎందుకంటే, అది లేకుంటే నీటి పైపొర ఈగ బరువును మోస్తుంది. ఈగ దర్జాగా దిగి, తాగి, ఎగిరిపోతుంది. లిక్విడ్‌కు నిమ్మ వాసన ఉంటుంది కనుక ఉత్త నీళ్ల గ్లాసులోనూ అదే చుక్క వేయాలి.

కిరాణా కొట్టులోని తెల్ల వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సాధారణంగా 4 శాతం. సీసా మీద చూసుకోండి. ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపితే 1 శాతం, పదిహేను వంతులు కలిపితే 0.25 శాతం. ఈ మూడూ, ఉత్త నీళ్లూ కలిపి నాలుగు గ్లాసులు. ఎక్కువ ఘాటుకు ఎక్కువ ఈగలు వస్తాయని పిల్లలు ముందుగా రాసుకుంటారు. పలచగా ఉన్నప్పుడు రమ్మని పిలిచే వాసనే, ఘాటెక్కితే ఈగను వెనక్కి కొడుతుంది. గెలుపు ఏ పలుచదనం దగ్గర ఆగుతుందో మీ గదిలో మీరే కనుక్కోవాలి. గ్లాసులు కనీసం రెండు మీటర్ల ఎడంగా, ఒకే ఎత్తులో, ఫ్యాన్ గాలి తగలని చోట ఉంచి, 24 గంటలకోసారి స్థానాలు మార్చాలి. కిటికీ పక్కనున్న గ్లాసులో ఏది పోసినా అదే గెలుస్తుంటే, మీరు కొలుస్తున్నది వెనిగర్‌ను కాదు, వెలుతురును. నాలుగు రోజుల్లో ప్రతి గ్లాసూ ప్రతి చోటా ఉండి వస్తుంది. రోజూ టీ వడపోసే జల్లెడలో తెల్లగుడ్డ పరిచి వడగట్టి లెక్కించాలి.

ఇంకాస్త లోతుకు వెళ్లాలంటే అరటిపండు. ఒకే పండును మెత్తగా చేసి 30 గ్రాముల చొప్పున మూడు భాగాలు చేయండి. ఒకటి పది నిమిషాలు ఆవిరి మీద ఉడికించి చల్లార్చినది. రెండోది చిటికెడు ఈస్టు కలిపి, పలచని గుడ్డ కట్టి ఒక రోజు ఉంచినది. మూడోది ఏమీ కలపకుండా అలాగే ఒక రోజు ఉంచినది. ఉడికించిన భాగాన్ని పెట్టే రోజు పొద్దునే చేసుకోవాలి, ముందురోజు చేస్తే అదీ పులుస్తుంది. ఈగల మోజు పండు మీద కంటే దాని మీద పెరిగే ఈస్టు వాసన మీదే ఎక్కువని ఈ మూడు గ్లాసులూ చూపిస్తాయి. ఈస్టు కలిపినదాన్ని మూత బిగించి ఉంచవద్దు, గ్యాసుకు డబ్బా ఉబ్బి పగులుతుంది.

ఒక్క ఇబ్బంది కాలం. ఎండలు ముదిరితే ఈ ఈగలు తగ్గిపోతాయి. జులై నుంచి ఫిబ్రవరి దాకా చేసుకోవడం మంచిది.

ముక్కుపురుగులు

వాతావరణంతో పనిలేదు, ఎగిరిపోతాయన్న బెంగ దాదాపు లేదు, ఎన్ని వదిలామో ముందే తెలుసు. నలభై వదిలితే నలభై లెక్కకు రావాలి. చీమలతోనూ ఈగలతోనూ ఈ సుఖం లేదు.

గుండ్రటి స్టీలు బేసిన్ తీసుకోండి. చతురస్రం పెట్టె వద్దు; ఈ పురుగులు గోడ వారన పాకుతూ మూలల్లో చేరతాయి, అక్కడ ఏ గింజ ఉంటే అది గెలిచినట్టు కనిపిస్తుంది. అంచు లోపలి వైపు రెండు వేళ్ల వెడల్పున వాసన లేని వాజలీన్ రాయాలి, ఎందుకంటే ముక్కుపురుగు గాజు గోడ కూడా ఎక్కేస్తుంది. (పిండిలో తిరిగే ఎర్రపెంకు పురుగు శుభ్రమైన గాజు ఎక్కలేదు. అది దొరికితే వాజలీన్ గొడవే లేదు.) చుట్టూ సమదూరంలో పాలిష్ బియ్యం, దంపుడు బియ్యం, గోధుమలు, జొన్నలు 20 గ్రాముల చొప్పున కుప్పలు. నడుమ పురుగులు. కదిలిస్తే అవి కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటాయి, కంగారు పడి మళ్లీ గెలకవద్దు. నల్లగుడ్డ కప్పి మర్నాడు చూడండి.

తేమ ప్రశ్నకూ ఇదే బేసిన్ సరిపోతుంది: ఒకే బియ్యంలో సగం గట్టి ఎండలో రెండు రోజులు ఎండబెట్టినవి, సగం తడిగుడ్డ పక్కన డబ్బాలో ఉంచినవి. ఇంట్లో బియ్యం ఎందుకు ఎండబెడతారో పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. వేపాకు, ఎండుమిరపకాయలు వేస్తే బియ్యానికి పురుగు పట్టదన్న సంగతీ తేల్చుకోవచ్చు. 20 గ్రాముల బియ్యంలో ఒక గ్రాము ఎండు వేపాకు, పక్కన ఏమీ లేని బియ్యం. అమ్మమ్మ మాట నిజమో కాదో బేసిన్ చెబుతుంది.

ఇక్కడా చీమల చిక్కు కొంత ఉంది. తిండి దొరికిన మగ ముక్కుపురుగు ఒక వాసన వదులుతుంది, దానికి ఆడా మగా రెండూ చేరతాయి. అనుమానం వస్తే ఒక్కో పురుగునే విడిగా వదిలి, పది నిమిషాల్లో ఏ కుప్ప ముట్టుకుందో రాసుకోండి. విసుగు పని, కానీ లెక్క స్వచ్ఛం. అయిపోయాక పురుగులనూ గింజలనూ సబ్బునీళ్లలో వేయాలి. మధ్యాహ్న భోజనం బియ్యం నిల్వ ఉన్న గది దరిదాపులకు అసలు తీసుకుపోవద్దు.

జిగురు అట్టలు

పసుపు, నీలం, తెలుపు అట్టలకు ఆముదం పూసి మొక్కల తలల ఎత్తున కట్టడం తేలికే. తెల్లదోమ, పేనుబంకకు పసుపు, తామర పురుగులకు నీలం అని మిరప రైతుకు నోటికి వచ్చు. కానీ ఇది రంగు గురించి తప్ప మరే ప్రశ్నకూ జవాబివ్వదు. అంటుకున్నవి నలకల్లా ఉండి పోల్చడం పిల్లల వల్ల కాదు, తేనెటీగలూ చిక్కి చస్తాయి. బడికి ఇది చివరి ఎంపిక.

బడిలో జామచెట్టు కాపు మీద ఉంటే మాత్రం పై నాలుగూ పక్కన పెట్టి ఒక్క రోజు ఇది చేయండి. జామ, మామిడి కాయల్లో గుడ్లు పెట్టే పండు ఈగ డ్రోసోఫిలా కాదు, కందిరీగలా కనిపించే పెద్ద జాతి. బీహారులోని పూసాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త హౌలెట్, ఒక రకం గడ్డి నుంచి తీసే సిట్రొనెల్లా నూనెకు ఈ జాతి మగ ఈగలు వస్తున్నాయని 1912లో రాశాడు. వాటిని లాగుతున్నది మిథైల్ యూజినాల్ అనే వాసన రసాయనమని 1915లో తేల్చాడు. నేటి మామిడి తోటల్లోని ఎర బుట్టల్లో ఉండేది అదే. తులసిలోనూ అది ఉంటుంది. గుప్పెడు తులసి ఆకులు నలిపి 100 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, సబ్బు చుక్క కలిపి, కొబ్బరి చిప్పలో పోసి కొమ్మకు కట్టండి. పక్క కొమ్మకు నలిపిన జామాకు నీళ్ల చిప్ప. వాసన త్వరగా పోతుంది, రోజూ మార్చాలి. సాయంత్రం పడినవాటిని తెల్ల కాగితం మీద ఆరబెట్టి భూతద్దంతో పొట్ట చివర చూడండి. గుడ్లు పెట్టే సూదిమొన ఉంటే ఆడది, గుండ్రంగా ఉంటే మగది. తులసి చిప్పలో సూదిమొనలు ఎన్ని దొరికాయో లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి.