అప్పగింత ఒప్పందాల పట్టిక: పన్నెండేళ్లు వాడాక

ఫలానా దేశం తమ దగ్గర కేసున్న మనిషిని అప్పగించమని (ఎక్స్‌ట్రాడిషన్) ఇంకో దేశాన్ని అడిగితే ఏ ఒప్పందం కింద అడిగినట్టు, అది ఇప్పుడు అమల్లో ఉందా లేదా? లాయర్ల కోసం ఈ సంగతి తేల్చి నోట్ రాసివ్వడం నా పని. పన్నెండేళ్లుగా మొదట తెరిచేది కౌన్సిల్ ఆఫ్ యూరప్ (యూరప్ దేశాల సంస్థ, యూరోపియన్ యూనియన్ వేరు) ఒప్పందాల కార్యాలయం వెబ్‌సైట్‌లోని పట్టికనే. 1957 నాటి యూరోపియన్ అప్పగింత ఒప్పందం అక్కడ 24వ నంబరు. సంతకం, ధ్రువీకరణ, అమలు, ఈ మూడు తేదీలూ దేశం పేరు పక్కనే ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు.

కొత్తలో సంతకం తేదీ చూసి ‘చేరిపోయింది’ అనుకునేవాణ్ణి. సంతకంతో పని కాదు. ధ్రువీకరణ పత్రమో, చేరిక పత్రమో దాఖలు చేశాక 90 రోజులు గడవాలి. దక్షిణ కొరియా 2011 సెప్టెంబరు చివర్లో పత్రం ఇస్తే డిసెంబరు 29న అమల్లోకి వచ్చింది. కొరియా యూరప్‌లో ఎక్కడుందని అడక్కండి. ఇజ్రాయెల్, దక్షిణాఫ్రికా కూడా ఇందులో ఉన్నాయి, సభ్యదేశాలు కాకపోయినా చేరొచ్చు. రష్యా 2022 మార్చిలో కౌన్సిల్ నుంచి బయటపడినా, అంతమాత్రాన ఈ ఒప్పందం నుంచి దాని పేరు పోలేదు.

నా లెక్కలో పట్టికకి అసలు విలువ తెచ్చేది తేదీలు కాదు, మినహాయింపులు, ప్రకటనలు ఉండే పేజీ. సొంత పౌరుల్ని అప్పగించబోమని చెప్పుకునే వీలు 6వ అధికరణ ఇస్తుంది. ‘పౌరుడు’ అంటే ఎవరో కూడా ఆ దేశమే ప్రకటించుకోవచ్చు. 26వ అధికరణలో ఇంకో మెలిక ఉంది: ఒక నిబంధనకి తాను మినహాయింపు పెట్టుకున్న దేశం, అదే నిబంధనను ఎదుటి దేశం పూర్తిగా పాటించాలని పట్టుబట్టలేదు. అందుకే రెండు దేశాల పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకటే చదివి రాసిన నోట్ సగం నోటే. ఇది ఒంటబట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది.

పట్టిక చెప్పనిది ఒకటుంది. కొత్త దేశం చేరిందన్న సంగతి ఒక్కో దేశం సొంత చట్టంలోకి ఎప్పుడు ఎక్కిందో అందులో కనిపించదు. ఫ్రాన్స్‌లో అయితే ధ్రువీకరించి ప్రచురించిన ఒప్పందానికి రాజ్యాంగం 55వ అధికరణే చట్టం కంటే పై స్థానం ఇస్తుంది. భారత్‌లో 1962 అప్పగింత చట్టం 3వ సెక్షన్ కింద గెజిట్ నోటిఫికేషన్ రావాలి. పోర్చుగల్‌కి 2002 డిసెంబరులో అలాగే వచ్చింది, విడి ఒప్పందం మీద సంతకాలు 2007లో గానీ పడలేదు. బ్రిటన్ 2003 అప్పగింత చట్టంలో దేశాలు రెండు జాబితాల్లో ఉంటాయి: మొదటి జాబితాకి చట్టంలోని మొదటి భాగం, రెండోదానికి రెండో భాగం వర్తిస్తాయి. పేరు చేర్చాలన్నా, మార్చాలన్నా ఉత్తర్వు కావాలి, దాన్ని పార్లమెంటు ఉభయ సభలూ ఆమోదించాలి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. 2013 జులై 1న క్రొయేషియా యూరోపియన్ యూనియన్‌లో చేరింది, బ్రిటన్ దాన్ని రెండో జాబితా నుంచి మొదటి జాబితాకి మార్చింది. డబ్బు కట్టి వాడే ఒక డేటాబేస్‌లో మాత్రం పాత జాబితానే ఉంది. సరిచూసుకోకుండా నోట్‌లో ‘రెండో భాగం’ అని రాసేశాను. రెండో భాగమైతే చివరి నిర్ణయం మంత్రి దగ్గరికి వెళ్తుంది, మొదటి భాగంలో ఆ మెట్టే లేదు. అంటే నోట్‌లో సగం పనికిరాదు. మా సీనియర్ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, ‘ఏమయ్యా, ఇది ఏ సంవత్సరం చట్టం?’ అన్నారు. ఆ టెన్షన్‌లో తెల్లవారేదాకా తిరగరాశాను.

28వ అధికరణనీ మర్చిపోకూడదు. రెండు దేశాలూ ఇందులో ఉంటే, వాటి మధ్య అంతకుముందున్న ద్వైపాక్షిక అప్పగింత నిబంధనల స్థానంలోకి ఇదే వస్తుంది. ఆ పాత ఒప్పందాలు ఈ పట్టికలో కనిపించవు. వాటికోసం నేను విడిగా ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను, ఇప్పుడు మూడోది నడుస్తోంది.