చాంగ్‌షా గిన్నెలకు ముందు సింగపూర్, ఆ తర్వాతే హునాన్

టాంగ్ రాజుల కాలంలో (618–907) చైనా ఇళ్లలో రోజూ వాడిన బొమ్మల గిన్నెలు చూడాలంటే, అవి పుట్టిన చాంగ్‌షా (హునాన్ రాష్ట్ర రాజధాని) కన్నా సింగపూరే మేలు. 1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర సముద్రంలో బయటపడ్డ పాత ఓడలో సుమారు 60,000 పాత్రలు దొరికితే, వాటిలో అత్యధికం చాంగ్‌షావే. ఆ సరుకులో ఎక్కువ భాగం ఇప్పుడు సింగపూర్‌లో ఉంది. ఒకదాని మీద 826 నాటి తేదీ ఉంది. ఇంకోదాని మీద 'టీ గిన్నె' అనే రాసి ఉంది, అనుమానం అక్కర్లేకుండా.

బస లిటిల్ ఇండియాలో పెట్టుకుంటే భోజనానికి ఇబ్బంది ఉండదు. ధోబీ ఘాట్‌లో రైలు మారి రాఫెల్స్ ప్లేస్‌లో దిగి, నది దాటితే ఆ గిన్నెలున్న ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియం. శుక్రవారం రాత్రి 9 దాకా ఉంటుంది.

ఏదో ఒక గిన్నె దగ్గర నిలబడండి. అంచున నాలుగు గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. అడుగు పట్టుకుని అంచును నాలుగుసార్లు రంగులో ముంచితే పడినవి అవి. మధ్యలో మిగిలిన చదరంలోనే బొమ్మ: ఇనుము కలిసిన గోధుమరంగు గీతలు, రాగి పచ్చ, వాటిపై ఎండుగడ్డి రంగు గాజుపూత. ఆవం వేడికి రాగి పచ్చ పాకుతుంది, ఇనుప గీత అంతగా కదలదు. పచ్చ అలుక్కుపోయినట్టున్నా పక్షి ముక్కు తేటగా ఉండేది అందుకే. కొన్నిటిలో మకరం కూడా ఉంది, మన గుళ్ల తోరణాల మీది మకరమే. ఓడలో పెద్ద జాడీల్లో చుట్లుచుట్లుగా పేర్చిన గిన్నెలు నిగనిగలాడుతున్నాయి. ఉప్పునీరు తగిలినవాటికి ఆ మెరుపు లేదు.

చాంగ్‌షాకు వెళ్లాల్సింది ఆవం కోసం. ఊరికి ఉత్తరాన, షియాంగ్ నది ఒడ్డున టోంగ్‌గ్వాన్‌లో గుట్ట వాలు మీద దాదాపు 40 మీటర్ల డ్రాగన్ ఆవం తవ్వి తీశారు. కింద మంట పెడితే వాలే పొగగొట్టంలా వేడిని పైకి లాగుతుంది. అదే పేరుతో కొత్తగా కట్టిన 'పురాతన పట్నం' వేరు. అది షికారుకే, దాన్ని వదిలేసినా నష్టం లేదు. టాక్సీకి గమ్యం చైనా లిపిలో చూపించండి.

బస మాత్రం చాంగ్‌షా నడిబొడ్డున, వుయీ స్క్వేర్ దగ్గర మెట్రోకు అందుబాటులో పెట్టుకోండి. చిన్న లాడ్జీలు కొన్ని విదేశీ పాస్‌పోర్టు తీసుకోవు, ముందే అడగాలి. ఫోన్‌తో డబ్బు చెల్లించే చైనా యాప్ అలీపేలో మీ కార్డు ఇంట్లోనే జోడించుకోండి. హునాన్ కారం మనవాళ్లకు లెక్క కాదు గానీ, శాకాహారులు ఆకుకూర వేపుడు దగ్గర కూడా జాగ్రత్తపడాలి: పంది కొవ్వుతో వండుతారు.

హునాన్ మ్యూజియంకు పాస్‌పోర్టు నంబరుతో ముందే బుక్ చేసుకోవాలి, సోమవారం సెలవు. జనమంతా రెండువేల ఏళ్లకు పైబడిన మావాంగ్‌దుయి సమాధుల్లో దొరికినవాటి వైపు ఎగబడతారు. చాంగ్‌షా కొమ్ముచెంబులకు కాస్త సమయం మిగుల్చుకోండి. పద్యం రాసినవాటిలో ఆ రాత కొమ్ముకు సరిగ్గా కిందే ఉంటుంది, పక్కనుంచి చూస్తే కనబడదు.