ఆయిల్‌లో మొదటి నకలు: జార్జోనే వీనస్సా, రవివర్మ దమయంతా?

ప్రకృతి మధ్య ఒక మనిషి ఉన్న పాత బొమ్మను చూసి వేస్తూ ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవాలనుకుంటే, మనకు ముందు గుర్తొచ్చేది రవివర్మే. నేనూ ‘హంస దమయంతి’తోనే మొదలుపెట్టాను. తర్వాత ఇటలీ చిత్రకారుడు జార్జోనే ‘నిద్రిస్తున్న వీనస్’ వేశాను, ఆరుబయట నగ్నంగా పడుకున్న ప్రేమదేవత బొమ్మ అది. రెండూ వేసిన అనుభవంతో చెప్తున్నాను, ముందు వీనస్ వేయండి.

దమయంతి సులువుగా కనిపిస్తుంది. ఒక్క మనిషి, ఎర్ర చీర, ఎదురుగా హంస. కానీ చీర కుచ్చిళ్లు, అంచు, నగలు మన కంటిని లాగేసుకుంటాయి. నేను మూడు వారాలు అంచు దిద్దుతూ కూర్చున్నాను. ఆ అంచు బాగానే వచ్చింది గానీ, చీర లోపల ఒళ్లు లేదు. భుజం ఎక్కడ తిరిగిందో, నడుం బరువు ఏ కాలి మీద పడిందో తెలియకుండానే పైన బట్ట కప్పేశాను.

వీనస్‌లో దాక్కోవడానికి చోటు లేదు. తల నుంచి పాదం దాకా ఒకటే పొడవాటి వంపు. వెనక కొండల గీత కూడా దాదాపు అదే వంపుతో సాగుతుంది. మనిషిని, నేలను కలిపి చూడటం అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. 1510లో జార్జోనే చనిపోయాక ఆ ఆకాశాన్నీ, ప్రకృతినీ మరో ఇటలీ చిత్రకారుడు టిషియన్ పూర్తి చేశాడంటారు. పాదాల దగ్గర ఉండాల్సిన మన్మథుడి బొమ్మ పాడైపోతే 19వ శతాబ్దంలో దాని మీద రంగు వేసి కప్పేశారు. నకలు వేస్తున్నప్పుడు ఆ మూల ఎందుకంత బోసిగా ఉందా అని నేను చాలాసార్లు ఆగాను.

అసలు బొమ్మ సుమారు 108 × 175 సెంటీమీటర్లు. 16 × 26 అంగుళాల కాన్వాస్ తీసుకుంటే నిష్పత్తి దాదాపు సరిపోతుంది. గళ్లు గీసి, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగును టర్పెంటైన్‌తో పల్చన చేసి మొత్తం బొమ్మ వేయండి. వెలుగు ఉన్నచోట పాత గుడ్డతో తుడిచేయండి. అంబర్ త్వరగా ఆరుతుంది, అందుకే అడుగు పొరకు అది మంచిది. అది ఆరాక తెలుపుతో ఒంటిని గుండ్రంగా తేల్చండి. ఆ తర్వాతే అవిసె నూనె కలిపిన పల్చని రంగుల పొరలు. పైపొరల్లో నూనె ఎక్కువ, అడుగున తక్కువ ఉండాలి. తిరగబడితే కొన్నాళ్లకు రంగు పగులుతుంది. ఆయిల్ రంగు నీటిరంగులా తడి ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. కాబట్టి తొందరపడి లాభం లేదు.

పొరలు ఆరేదాకా ఆగే ఓపిక లేనివాళ్లు తడి మీద తడి వేసి ఒకే విడతలో ముగించవచ్చు. పచ్చిక, మేఘాలు అలా చక్కగా వస్తాయి. వీనస్ ఒంటి రంగు మాత్రం అలా వేస్తే బురదగా మారింది, కనీసం నా చేతిలో.

అయితే ఒక్క విషయంలో దమయంతిదే పైచేయి. వీనస్ జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది, మనలో చాలామందికి అచ్చు బొమ్మే దిక్కు. దమయంతి తిరువనంతపురంలో ఉంది, రైలెక్కి వెళ్లి చూడొచ్చు. ఒక్కో అచ్చులో ఆ చీర ఎరుపు ఒక్కోలా ఉంటుంది. అసలు బొమ్మ ముందు నిలబడితే గానీ అది ఎలాంటి ఎరుపో తెలియదు. రవివర్మ కూడా యూరప్ చిత్రకారుడు థియోడర్ జెన్సన్ బొమ్మ వేస్తుంటే పక్కనుండి చూసి ఆయిల్ పట్టు సంపాదించినవాడే.

అందుకే వీనస్ పూర్తయ్యాక దమయంతి దగ్గరికి తిరిగి వెళ్లండి. ఈసారి బొమ్మంతా వద్దు, ఆమె భుజం, దాని మీద చీర మడతలు, అంతవరకే పెద్దగా వేయండి. అంచు జోలికి చివరి రోజు దాకా పోకండి.