తడోబా మొహర్లీ గేటు జిప్సీ సఫారీ: తండ్రీబిడ్డలు మొదటిసారి వెళ్తుంటే

తడోబా మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరున్న పులుల అభయారణ్యం. అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్లను అందరూ అడిగే మాట ఒక్కటే: పులి కనపడిందా? పద్నాలుగేళ్ల బిడ్డను వెంటబెట్టుకుని మొదటిసారి అడవికి పోదామనుకునే తండ్రికో తల్లికో ఆ జవాబుతో ఒరిగేది తక్కువ. మొహర్లీ గేటు నుంచి తెరిచిన జిప్సీ జీపులో తిప్పే ఈ సఫారీ సర్వీసులో ఏ భాగం బాగుంది, ఏ భాగంలో డబ్బు వృథా అవుతుంది, ఎక్కడ పని చెడుతుంది అన్నది వాళ్లకు కావాలి.

నమీబియాలో, దక్షిణాఫ్రికాలో లైసెన్సు తీసుకుని పిల్లల్ని వేటకు తీసుకెళ్లే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ దారి మూసుకుపోయింది. మూసుకుపోవడమే మంచిది. కానీ వేటగాడి విద్యలో తుపాకీ పేల్చేది చివరి క్షణంలోనే. ఈ అడుగు ఎప్పటిది, ఆ దుప్పి ఎందుకరిచింది, కొండముచ్చు అటే ఎందుకు చూస్తోంది అన్న అసలు విద్యంతా మొహర్లీ గైడ్ల దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. మీరు కట్టే డబ్బుకు దక్కాల్సింది అది. పులి కనపడితే అదనపు లాభం.

ముందుగా దారి. సికింద్రాబాద్, కాజీపేట వైపు నుంచి రైల్లో వస్తే బల్లార్షాలోనో చంద్రపూర్‌లోనో దిగాలి. చంద్రపూర్ నుంచి మొహర్లీ సుమారు 30 కిలోమీటర్లు. కారులో ఆసిఫాబాద్, వాంకిడి, రాజురా మీదుగా రావచ్చు. రాజురా, బల్లార్షాల్లో తెలుగు బాగానే నడుస్తుంది, మొహర్లీ చేరేసరికి మరాఠీ, హిందీయే. సాయంత్రం వెలుగుండగానే ఊరు చేరండి. చంద్రపూర్ దాటాక సగం దారి బఫర్ అడవిలోంచే (కోర్ అనే లోపలి అడవి చుట్టూ ఉండే బయటి పట్టీ) పోతుంది, చీకట్లో రోడ్డు మీదికి అడవిపందులు, దుప్పులు వచ్చేస్తాయి.

గేటు ఎంపికలో చాలామంది దెబ్బతింటారు. కోర్ అడవికి ఆరు గేట్లు: మొహర్లీ, ఖుట్వండా, కోలారా, నవేగావ్, పాంగ్డి, ఝరి. కోలారా, నవేగావ్ ఉత్తరాన చిమూర్ వైపు ఉన్నాయి, నాగపూర్ నుంచి వచ్చేవాళ్లకు అనువు. చవగ్గా ఉందని కోలారాలో గది తీసుకుని, దొరికింది కదా అని మొహర్లీలో సఫారీ బుక్ చేస్తే, పటంలో పక్కపక్కనే కనపడే ఆ రెంటి మధ్యా బయటి దారిన రెండు గంటలకు తగ్గదు. అడవి లోపల్నుంచి అడ్డదారి ఉండదు. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకు మొహర్లీయే సరైంది. గది కూడా అక్కడే తీసుకోండి. పొద్దున గేటు తెరిచే వేళకు వరసలో ఉండాలంటే మరో మార్గం లేదు.

బుకింగ్ తడోబా అధికారిక వెబ్‌సైట్‌లోనే చేసుకోవాలి. జిప్సీకి ఇద్దరు కూర్చున్నా ఆరుగురు కూర్చున్నా బండి ఖర్చు ఒకటే. గైడు తప్పనిసరి. పెద్ద లెన్సు కెమెరా ఉంటే దాని రుసుం ఏమిటో ముందే చూసుకోండి. శని ఆదివారాల్లో రేటు ఎక్కువ. మంగళవారం కోర్ మూత, జులై నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం మూత. బుకింగ్‌లో ఏ గుర్తింపు కార్డు నంబరు ఇచ్చారో అదే కార్డు అసలుది చేతిలో ఉండాలి. పిల్లల విషయంలోనే ఇది బెడిసికొడుతుంది: బుకింగ్‌లో ఆధార్ నంబరు ఇచ్చి, గేటు దగ్గర స్కూలు ఐడీ చూపిస్తారు. ఫోనులో ఫొటో చూపిస్తే సరిపోతుందనీ అనుకోకండి. టికెట్టు ఇంకొకరి పేరు మీదికి మారదు. ‘పులి గ్యారంటీ’ అని అమ్మే ఏజెంటు ఎవరైనా సరే, ఆ మాట వినగానే ఫోను పెట్టేయండి.

ఇక జిప్సీ. డ్రైవరూ గైడూ ముందు, వెనక రెండు వరసల్లో మూడేసి సీట్లు. ఆరుగురు ఎక్కితే ప్రతి వరసలో నడిమి మనిషికి పక్కవాళ్ల భుజాలే కనపడతాయి. ఇద్దరే ఎక్కితే ఖర్చు తడిసిమోపెడవుతుంది. నలుగురు సరైన లెక్క. ఇలాంటి తండ్రీబిడ్డల జతలు రెండు కలిసి ఒక బండి తీసుకుంటే నలుగురికీ అంచు సీటే. వెనక వరస కాస్త ఎత్తు, చూపు దూరం పోతుంది. అయితే అది వెనక ఇరుసు మీద పడుతుంది. జిప్సీకి పట్టీ స్ప్రింగులు, గుంట వచ్చినప్పుడల్లా వెన్ను అదురుతుంది. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి. మొదటి సఫారీలో పిల్లలకూ ముందు వరసలో గైడు వెనకాల సీటే ఇవ్వండి. గైడు గొంతు తగ్గించి చెప్పే మాట వెనక వరస దాకా రాదు, ఆ మాటలకే కదా డబ్బు కట్టింది.

కోర్‌లోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. మా లెక్కలో ఈ సర్వీసు మొత్తంలో అన్నిటికన్నా మంచి నిబంధన ఇదే. దాదాపు నాలుగు గంటలు తండ్రి చేతిలోనూ ఫోను ఉండదు, బిడ్డ చేతిలోనూ ఉండదు. మొదటి అరగంట పిల్లలకు చేతులు ఏం చేసుకోవాలో తోచదు. ఆ చేతుల్లో బైనాక్యులర్ పెట్టండి.

బైనాక్యులర్ ఇద్దరికీ కలిపి ఒకటి తెచ్చుకోవడం పెద్ద పొరపాటు. జంతువు కనపడేది పది సెకన్లు, అందులో ఆరు సెకన్లు చేతులు మారడానికే పోతాయి. చెరొకటి ఉండాలి, 8×42 (ఎనిమిది రెట్లు, 42 మిల్లీమీటర్ల అద్దం) చాలు. 10 రెట్లది దగ్గరగా చూపిస్తుంది గానీ, నడుస్తున్న ఇంజను వణుకును కూడా పది రెట్లు చేస్తుంది. కొనేముందు పిల్లల కళ్ల మధ్య దూరానికి అది ముడుచుకుంటుందో లేదో చూడండి, లేకపోతే రెండు వలయాలు విడివిడిగా కనపడుతుంటాయి. అమర్చుకోవడం గది దగ్గరే చేసుకోవాలి: కుడికన్ను మూసి, దూరంగా ఉన్న కొమ్మ మీద నడిమి చక్రం తిప్పి ఎడమకంటికి స్పష్టం చేసుకోవాలి. తర్వాత ఎడమకన్ను మూసి, అదే కొమ్మకు కుడి గొట్టం దగ్గరున్న చిన్న వలయం తిప్పాలి. ఆ తర్వాత ఆ వలయాన్ని ముట్టుకోకూడదు. దాని మీద చిన్న రంగు టేపు ముక్క అంటిస్తే ధూళిలో జారదు. చూసేటప్పుడు మోచేతులు బండి కమ్మీకి ఆనించాలి.

గైడును మీరు ఎంచుకోలేరు, వరస ప్రకారం వస్తారు. మహిళా గైడ్లూ ఉన్నారు. అంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. బండెక్కగానే ‘పులి చూపించండి’ అంటే గైడు ఆ పనిలోనే పడతాడు, అంటే నిన్న కనపడ్డ నీటిగుంట దగ్గరికి బండి ఉరుకుతుంది. అక్కడ అప్పటికే పది జిప్సీలు ఉంటాయి, ధూళి తప్ప ఏమీ మిగలదు. దానికి బదులు ‘పిల్లకు అడుగులు, కాల్స్ (జంతువుల హెచ్చరిక కేకలు) నేర్పించండి, పులి లేకపోయినా ఫర్వాలేదు’ అని హిందీలో మొదటే చెప్పండి. ఈ ఒక్క మాటతో గైడు మారిపోతాడు. చాలామందికి అది ఇష్టమైన పని, అడిగేవాళ్లే తక్కువ. నాలుగు మరాఠీ మాటలు తెలిసుంటే ఇంకా సులువు: వాఘ్ అంటే పులి, బిబట్ చిరుత, అస్వల్ ఎలుగుబంటి, రాన్‌కుత్రా రేచుకుక్క, పాణవఠా నీటిగుంట. బండి ఆపించాలంటే ‘గాడీ బంద్ కరా, థోడా వేళ్ ఐకూ యా’ అనండి, కాసేపు విందాం అని. ఇంజను ఆపి పది నిమిషాలు కూర్చుంటేనే అడవి మళ్లీ తన మాటలు తను మాట్లాడుతుంది. డ్రైవర్లు తమంతట తాము ఆపరు, పక్క బండి ముందుకు పోతుందన్న బెంగ.

అడుగులు చదవడం పొద్దుటి సఫారీలోనే బాగుంటుంది. బండి దిగడం నిషేధం కాబట్టి పక్కకు వంగి చూడాలి. ధూళిలో పెద్ద మగపులి ముందు అడుగు పెద్దవాళ్ల అరచేతిని దాదాపు కప్పేస్తుంది. గోళ్ల గుర్తులు ఉండవు, నడిచేటప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. రేచుకుక్క అడుగులో వేళ్ల ముందు గోళ్లు చుక్కల్లా పడతాయి. మగపులి అడుగు ఇంచుమించు చదరంగా, ఆడపులి అడుగు కొంచెం పొడవుగా, వేళ్లు సన్నగా ఉంటాయి. అసలు కిటుకు అది ఎప్పటిదో చెప్పడం. నిన్నటి సాయంత్రం టైరు చార మీద అడుగు పడితే అది రాత్రిది. ఆకుల మీంచి రాలిన మంచు చుక్కలు ధూళిలో చిన్న గుంటలు చేస్తాయి. ఆ గుంటలు అడుగు లోపల కూడా ఉంటే పులి తెల్లవారకముందే వెళ్లిపోయింది. చుట్టూ గుంటలుండి, అడుగు లోపల మాత్రం నున్నగా, అంచులు పదునుగా ఉంటే ఇప్పుడే. అక్కడ ఇంజను ఆపమనండి.

ఆపాక చెవులతో పని. కొండముచ్చు చెట్టు కొనన కూర్చుని దగ్గినట్టు ఖక్ ఖక్ అంటుంది. అది ఎటు చూస్తుందో గమనించాలి, ఎత్తు మీద ఉంది కాబట్టి దానికి కనపడుతుంది. చుక్కల దుప్పి సన్నగా, ఈల వేసినట్టు అరుస్తుంది. దుప్పి పిరికిది, ఆకు కదిలినా ఒకటి రెండు సార్లు అరిచి ఊరుకుంటుంది. ఒక్క దుప్పి కేకకు బండి తిప్పకండి. సాంబారు అనే పెద్ద జింక (కణితి) గొంతు లోతుగా, పగిలిన గంట కొట్టినట్టు ‘ఢాంక్’ అంటుంది. తోక నిలబెట్టి, ముందుకాలు నేలకేసి కొడుతూ, ఆగి ఆగి అరుస్తూనే ఉందంటే దగ్గర్లో పులో చిరుతో ఉన్నట్టే లెక్క. ఈ మూడింటినీ వేరుచేసి వినడం పిల్లలకు పెద్దవాళ్లకన్నా త్వరగా వస్తుంది, వాళ్ల చెవులు పదును.

మొహర్లీ నుంచి తడోబా చెరువుకు పోయే దారి వెంట పాత రాతి స్తంభాలు కనపడతాయి. చంద్రపూర్‌ను ఏలిన గోండు రాజుల కాలంవని చెబుతారు. తారు అనే గ్రామపెద్ద పులితో పోరాడి చనిపోయాడనీ, అతని పేరే ఈ అడవికి వచ్చిందనీ స్థానికుల నమ్మకం. చెరువు ఒడ్డున అతని గుడి ఉంది. చెరువులో మొసళ్లుంటాయి. 1955లో ఇప్పటి మహారాష్ట్ర ప్రాంతంలో మొదటి జాతీయ వనమైంది ఈ తడోబాయే. పిల్లలకు ఇవన్నీ గైడు చేతే చెప్పించండి.

ఎన్ని సఫారీలు? ఒక్కటి చాలదు. మూడు బుక్ చేయండి: మొదటి రోజు మధ్యాహ్నం బఫర్‌లో, రెండో రోజు పొద్దున కోర్‌లో, మధ్యాహ్నం మళ్లీ కోర్‌లో. మొదటిది అలవాటు పడటానికి, అందుకు మొహర్లీ దారిలోనే ఉన్న అగర్‌ఝరి బఫర్ బాగుంటుంది. బఫర్‌లో మనుషుల ఊళ్లున్నాయి, ఇప్పపూలకు, తునికాకుకు జనం అడవిలోకి పోతారు, పశువులు మేస్తుంటాయి. పులితో కలిసి బతకడం అంటే ఏమిటో పిల్లలకు అర్థమయ్యేది అక్కడే. చంద్రపూర్ జిల్లాలో పులి దాడుల్లో మనుషులు పోతున్నారు, ఆ మాట గైడు దగ్గర తేలిగ్గా ఎత్తొద్దని బిడ్డకు ముందే చెప్పండి.

కాలం విషయానికొస్తే ఫిబ్రవరి, మార్చి నెలలు బాగుంటాయి, కానీ అవి పరీక్షల రోజులు. వాటి తర్వాత మంచివి సంక్రాంతి సెలవులు. అప్పుడు తెరిచిన బండిలో పొద్దుటి చలి ఎముకలు కొరుకుతుంది. చెవులు మూసే టోపీ, చేతి తొడుగులు, కాళ్ల మీదికి దుప్పటి ఒకటి. డిసెంబరు చివరి వారం మాత్రం వద్దు, రద్దీ. మేలో ఆకు రాలి, నీటిగుంటల దగ్గర జంతువులు బాగా కనపడతాయి గానీ చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడైతే పిల్లలకు పొద్దుటి సఫారీలే పెట్టండి.

మనిషికి 2 లీటర్ల నీళ్లు స్టీలు సీసాలో. తెల్లవి, ఎర్రవి కాకుండా మట్టిరంగు బట్టలు. ముక్కుకు తడిపిన పల్చటి తువ్వాలు. కెమెరాకు దిండు గలీబు కప్పితే చాలు, సంచి జిప్పు తీస్తూ వేస్తూ చేసే చప్పుడు ఉండదు. మూత్రానికి గేటు దగ్గరే వెళ్లి రండి. తిండి సంగతి: హోమ్‌స్టేలో పోహా, రొట్టె, పప్పు ఉంటాయి, ముందు రోజే చెబితే అన్నం వండుతారు. కారం విదర్భ వాళ్లది మనకు తీసిపోదు.

ఈ సర్వీసులో నాకు నచ్చనిది చివరి అరగంట. గడువులోపు గేటు దాటకపోతే బండికి జరిమానా. అందుకే చివరి నిమిషం దాకా పులి దగ్గర నిలబడి, తర్వాత గుంటల్లో ఎగిరిపడుతూ పరుగు తీస్తారు. మెడలో వేలాడే బైనాక్యులర్ పళ్లకు తగిలేది అప్పుడే. తిరుగు ప్రయాణం ముందుగానే మొదలుపెట్టమని గైడుకు ఎక్కేటప్పుడే చెప్పి ఉంచండి.

పిల్లలకు ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు ఇవ్వండి. పెన్ను చలికి మొరాయిస్తుంది. సమయం, చోటు, ఏ జంతువు అరిచింది, అడుగు ఎటు పోయింది – నాలుగు గళ్లు చాలు. గేటు దగ్గర దిగాక ఆ పేజీ గైడు చేతికిచ్చి తప్పులు దిద్దమనండి.