గుండె ఆపరేషన్ తర్వాత మళ్లీ ఎమర్జెన్సీకి: లెక్క ఎలా పెడితే మేలు?

బైపాస్ చేయించుకుని ఇంటికి వెళ్లిన మనిషికి తొమ్మిదో రోజు రాత్రి ఆయాసం మొదలైందనుకోండి. రెండు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగాడు, పాదాలు వాచాయి, రెండు దిండ్లు పెట్టుకున్నా పడుకోలేకపోతున్నాడు. ఇంటివాళ్లు దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళితే అక్కడ ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీశారు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి ఫైల్లో మాత్రం ఆయన కోలుకుని డిశ్చార్జ్ అయినట్టే ఉంటుంది.

ఎంతమంది మళ్లీ ఎమర్జెన్సీగా చేరారో ఆస్పత్రి తన సొంత రిజిస్టర్‌తోనే లెక్కకడితే వచ్చే చిక్కు ఇదే. ఖర్చు లేని పని, నిజమే. కానీ ప్రాణం మీదికి వస్తే ఎవరైనా దగ్గరున్న చోటికే పరుగెత్తుతారు కదా! ఆ కేసులన్నీ జారిపోతాయి.

రోగి నంబరుతో అన్ని ఆస్పత్రుల రికార్డులూ కలిపి చూడటం ఇంకో దారి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) నంబరుతో అలా చూడొచ్చు. అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ బిల్లులు ఆధారం. రోగులు మరీ ఎక్కువగా మళ్లీ చేరుతున్న ఆస్పత్రుల మీద అక్కడ 2012 అక్టోబరులో మొదలైన జరిమానా పథకంలోకి బైపాస్‌ను 2017 ఆర్థిక సంవత్సరం నుంచి తెచ్చారు. డిశ్చార్జ్ నుంచి 30 రోజులు చూస్తారు, చెల్లింపుల్లో కోత 3 శాతం దాకా ఉండొచ్చు. ఆస్పత్రుల్ని పోల్చడానికి ఇదే మేలు. అయితే అడ్మిట్ చెయ్యకుండా అబ్జర్వేషన్ పేరుతో ఒక రాత్రి ఉంచి పంపేస్తే ఆ లెక్కలోకి రాదు. పైగా అంకె చేతికొచ్చేసరికి చాలా ఆలస్యమైపోతుంది, ఆ రోగికి ఒరిగేదేమీ ఉండదు.

అందుకే నా ఓటు ఫోన్‌కి. గుండె దడగా ఉందా, ఛాతీ గాయం నుంచి చీము కారుతోందా, ఈ ఉదయం బరువెంత, వేరే ఆస్పత్రిలో చేరారా అని నర్సు అడిగితే లెక్కా తేలుతుంది, ముప్పూ ముందే దొరుకుతుంది. కాకపోతే 30వ రోజు ఒక్కసారే చేస్తే లాభం లేదు. మళ్లీ చేరేవాళ్లలో ఎక్కువమంది మొదటి రెండు వారాల్లోనే వస్తారు. మూడో రోజు, పదో రోజు కూడా చెయ్యాలి.

రోజుల్ని డిశ్చార్జ్ నుంచే లెక్కపెట్టాలి. ఆపరేషన్ రోజు నుంచి పెడితే, 12 రోజులు వార్డులో ఉన్నవాళ్లకు ఇంటి దగ్గర మిగిలేది 18 రోజులే. ముందే అనుకున్న చెకప్ అడ్మిషన్‌ను ఎమర్జెన్సీతో కలపకూడదు. ఇంట్లో చనిపోయినవాళ్ల సంఖ్య పక్కనే రాయాలి, లేకపోతే మరణాలు ఎక్కువున్న ఆస్పత్రే మెరుగ్గా కనిపిస్తుంది. ఫోన్ ఎత్తనివాళ్లను 'బాగున్నారు' గడిలో వెయ్యొద్దు. వాళ్లలో కొందరు ఆ సమయంలో ఇంకో ఆస్పత్రి మంచం మీద ఉండొచ్చు.