ఆటగాడికి ఇంగ్లిష్ తప్పనిసరి చేయాలా, దుబాసీని పెట్టాలా?

బెంగళూరు మారతహళ్లిలో మా పక్కింటి కుర్రాడు కబడ్డీ ఆడతాడు. సొంతూరు అనంతపురం వైపు. రైడ్‌కి వెళ్లమంటే ఉరుకుతాడు, మైకు చూస్తే చెమటలు.

ఖర్చు: ఇంగ్లిష్ రూల్ పెడితే భారం ఆటగాడిది. దుబాసీని పెడితే జట్టుది.

శ్రమ: ప్రాక్టీస్‌లో ఒళ్లు హూనమయ్యాక గ్రామర్ క్లాసా, పాపం! దుబాసీకైతే అదే ఉద్యోగం.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. 2008లో అమెరికా మహిళల గోల్ఫ్ సంస్థ ఎల్‌పీజీఏ, ఇంగ్లిష్ రాకపోతే సస్పెండ్ చేస్తామంది. దెబ్బ ఎక్కువగా కొరియా అమ్మాయిలకే తగిలేది. స్పాన్సర్ల నుంచి కూడా విమర్శ రావడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. అక్కడి బేస్‌బాల్ పెద్ద లీగ్, మేజర్ లీగ్ బేస్‌బాల్ వేరే దారి పట్టింది: 2016 నుంచి ప్రతి జట్టుకూ స్పానిష్ దుబాసీ. కాకపోతే దుబాసీ నోట్లో పడితే జోకు చప్పబడుతుంది, అదొక్కటే లోటు.

ఎవరికి ఏది: ప్రో-యామ్‌లో (ప్రొఫెషనల్స్, అమెచ్యూర్లు కలిసి ఆడే పోటీలో) స్పాన్సర్ల అతిథులతో గంటలకొద్దీ కలిసి ఆడే గోల్ఫర్‌కి ఇంగ్లిష్ వస్తే లాభమే. నేర్పించండి, సస్పెండ్ మాత్రం చేయకండి. 30 సెకన్ల రైడ్‌లో తేల్చుకునే కబడ్డీ ఆటగాడికి దుబాసీ చాలు. మావాడికైతే ముందు కన్నడ రావాలి. కోచ్ తిట్టేది అందులోనే.